మేస్త్రీ పైపుతో సెన్సర్ పరీక్ష

మనవడు మొహం వేలాడేసుకుని వచ్చాడు. "తాతా, డీజిల్ బండి పొగగొట్టం ప్రెజర్ సెన్సర్ పోయిందట. కొత్తది కొనాలట."

"పోయిందని ఎవరన్నారు?"

"బండిలో కంప్యూటర్."

లెక్క కుదరడం లేదనే అది చెప్పింది నాయనా. తప్పు సెన్సర్‌దో, దాని పైపులదో తేల్చుకోవాల్సింది మనం.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక డీజిల్ కార్ల పొగదారిలో మసి జల్లెడ పెడుతున్నారు, డీపీఎఫ్ అని. నానమ్మ కాఫీ ఫిల్టర్ లాంటిదే. పొడి మరీ మెత్తనైతే డికాషన్ దిగదు చూడు, అలాగే మసి పేరుకుంటే పొగ దాటలేక జల్లెడ ముందు ఒత్తిడి పెరుగుతుంది. ముందు నుంచి ఒక గొట్టం, వెనక నుంచి ఒక గొట్టం సెన్సర్‌కు వస్తాయి. ఆ రెంటి తేడా చెప్పడమే దాని పని. తేడా ఎక్కువైతే కంప్యూటర్ జల్లెడను 600 డిగ్రీల దాకా వేడెక్కించి మసిని కాల్చేస్తుంది.

సెన్సర్ లోపల పలుచటి సిలికాన్ పొర ఉంటుంది. ఒత్తిడికి వంగుతుంది, వంగితే దాని విద్యున్నిరోధం మారుతుంది. సిలికాన్‌కున్న ఈ గుణాన్ని 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ నుంచి చార్లెస్ స్మిత్ లోకానికి చెప్పాడు.

మొదట రెండు గొట్టాలూ సెన్సర్ నుంచి పీకేశాం. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే సుమా! తాళం తిప్పాం, ఇంజన్ వేయలేదు. రెండు వైపులా ఉన్నది మామూలు గాలే కాబట్టి తేడా సున్నా రావాలి. బండి కంప్యూటర్‌కు తగిలించిన స్కానర్‌లో సున్నాయే వచ్చింది. మీటరుంటే వైర్లూ చూడొచ్చు: ఒకదాంట్లో 5 వోల్టులు, ఒకటి ఎర్త్, మూడోది కబురు తెచ్చేది.

సున్నా సరిగా చెప్పినంత మాత్రాన నమ్మేస్తామా? ఆగిన గడియారం కూడా రోజుకు రెండుసార్లు సరైన టైమే చూపిస్తుంది. పక్కింట్లో పని చేస్తున్న మేస్త్రీ దగ్గర లెవెల్ పైపు అడిగి తెచ్చాను. యూ ఆకారంలో వంచి గోడకు కట్టి, నీళ్లు పోసి, కనబడటానికి చిటికెడు కుంకుమ కలిపాను. చేపల తొట్టికి వాడే టీ ముక్కతో ఒక కొస సెన్సర్‌కు ముందు గొట్టం తగిలే ముక్కుకు, ఒకటి నీళ్ల పైపుకు, మూడోది మనవడి నోటికి. మసి గొట్టం నోట్లో పెట్టుకోవద్దు, ఇది శుభ్రమైన పైపు.

"మెల్లగా ఊది పట్టుకోరా."

రెండు వైపుల నీటిమట్టాలకూ 20 సెంటీమీటర్ల తేడా వచ్చింది. సెంటీమీటరు నీరంటే సుమారు ఒక మిల్లీబార్. స్కానర్ 19 చూపించింది, వాడు వదిలేస్తే మళ్లీ సున్నా. పాపం, సెన్సర్ నిజమే చెబుతోంది.

ఇక మిగిలినవి గొట్టాలు. ముందుదాన్ని చేతిపంపుతో ఊదితే గాలి పోలేదు, లోపల మసి గట్టిపడింది. జల్లెడ ముందు ఎంత ఒత్తిడి ఉన్నా ఆ కబురు సెన్సర్‌కు అందేదెలా? ఆ గొట్టం శుభ్రం చేసి బిగించాక ఇంజన్ రేజ్ చేస్తే అంకె పెరిగింది, వదిలితే దిగింది.

మేస్త్రీ మాత్రం పైపు ఎర్రబడిందని ఇంకా గొణుగుతున్నాడు.