ఇంట్లోనే యాంప్లిఫయర్ చేస్తున్నారా? కెపాసిటర్ కొనేముందు ఈ లెక్క చూసుకోండి

పాత హోమ్ థియేటర్ స్పీకర్లు మూలన పడి ఉన్నాయా? ఒక టీడీఏ2030 ఐసీ, 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చుకుంటే సొంతంగా యాంప్లిఫయర్ కట్టేసుకోవచ్చు. ఐసీ ఏది మంచిదని అందరూ అడుగుతారు. కెపాసిటర్ మాత్రం షాపులో ఏది ఇస్తే అది తెచ్చేస్తారు. నేనూ అదే చేశాను. బంగారుపాళ్యంలో మా ఇంట్లో కట్టిన మొదటి బోర్డు పగలంతా బాగానే పాడింది. రాత్రి పదింటికి టప్‌మని పేలి, గదంతా ఘాటు వాసన!

తప్పు నాదే. నేను పెట్టింది 16 వోల్టుల కెపాసిటర్లు. ట్రాన్స్‌ఫార్మర్ మీద 12 అని ఉంది కాబట్టి 16 చాలనుకున్నా. కానీ ఆ 12 ఏసీ లెక్క. బ్రిడ్జి దాటాక దాన్ని 1.414తో గుణించాలి, అంటే దాదాపు 17. డయోడ్‌లో ఒక వోల్టు పోయినా 16 మిగులుతుంది. మొదటి నుంచీ అంచు మీదే ఉందన్నమాట. పైగా మా వైపు బోరు మోటార్లు ఆడుతున్నంతసేపు వోల్టేజీ డల్‌గా ఉంటుంది, అవి ఆగాక 250 దాకా ఎగబాకుతుంది. పాట ఆపి ఉంచితే, లోడ్ లేక ట్రాన్స్‌ఫార్మర్ ఇంకాస్త ఎక్కువే ఇస్తుంది. అలా 18, 19 వోల్టులు వచ్చేస్తాయి. అందుకే కనీసం 25 వోల్టులది, వీలైతే 35 వోల్టులది తీసుకోండి. అన్నట్టు, మామూలు టీడీఏ2030 పరిమితి ప్లస్, మైనస్ 18 వోల్టులే. 22 వోల్టుల దాకా తట్టుకునే టీడీఏ2030ఏ అడిగి తీసుకోవడం మేలు.

ఇక మైక్రోఫారడ్‌లు. యాంప్లిఫయర్ ఒక ఆంపియర్ లాగితే 2200 మైక్రోఫారడ్ మీద వోల్టేజీ 4 వోల్టుల దాకా ఊగుతుంది, 4700 మీద 2 వోల్టులే. ఈ ఊగిసలాటే హమ్‌గా వినిపిస్తుంది. అలాగని 10,000 పెట్టేయకండి. ఆన్ చేయగానే ఖాళీ కెపాసిటర్ ఒక్కసారిగా కరెంటు లాగి చిన్న డయోడ్లను కాల్చేస్తుంది. ఒక్కో వైపు 4700, 3 ఆంపియర్ల డయోడ్లు చాలు.

మైనస్ లైన్ దగ్గర చాలామంది పొరపాటు చేస్తారు. అక్కడి కెపాసిటర్ ప్లస్ కాలు గ్రౌండ్‌కి, చారలున్న మైనస్ కాలు మైనస్ లైన్‌కి వెళ్లాలి. తిరగేస్తే వోల్టుల రేటింగ్ ఎంతున్నా పేలుతుంది. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు ముఖం బోర్డు మీద పెట్టకండి.

ఎల్ఏ4440తో స్టీరియో కడితే స్పీకర్‌కి ముందు కూడా కెపాసిటర్ వస్తుంది. బాస్ ఎక్కడ తెగుతుందో తెలియాలంటే 1,59,155ని స్పీకర్ ఓమ్‌లతోనూ, మైక్రోఫారడ్‌లతోనూ భాగించండి. 4 ఓమ్‌ల స్పీకర్‌కి 1000 పెడితే 40 హెర్ట్జ్, ఫర్వాలేదు. 470 పెడితే 85 హెర్ట్జ్, డప్పు దెబ్బ పల్చబడిపోతుంది. ఇన్‌పుట్‌కీ ఇదే లెక్క: 22 కిలోఓమ్‌లకి 1 మైక్రోఫారడ్ అయితే 7 హెర్ట్జ్. అక్కడ పెట్టె ఆకారంలో ఉండే ఫిల్మ్ రకం వాడండి. బిళ్ల సెరామిక్ చాలావరకు వోల్టేజీని బట్టి విలువ మారుస్తుంది కాబట్టి పాట దారిలో వద్దు. ఐసీ కాళ్ల పక్కన సప్లై లైన్‌కి మాత్రం 104 అని రాసుండే 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ భేషుగ్గా పనిచేస్తుంది.

కొనేటప్పుడు 85 డిగ్రీలది కాకుండా 105 డిగ్రీలది అడగండి. వేడి 10 డిగ్రీలు తగ్గితే ఎలక్ట్రోలైటిక్ ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుంది, మన ఎండలకి ఆ తేడా బాగా తెలుస్తుంది. బంగారుపాళ్యం వాళ్లకి చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్‌పీ రోడ్ రెండూ ఒకే హైవే మీద చెరో వైపు. మామిడి సీజన్‌లో అటు వెళ్లే వాళ్లెవరితోనైనా తెప్పించుకోవచ్చు. కాళ్లకి పాత సోల్డర్ మరక ఉన్నా, పైభాగం కొంచెం ఉబ్బినా వెనక్కి ఇచ్చేయండి. మల్టీమీటర్‌లో కొలిస్తే 20 శాతం అటూఇటూ రావడం మామూలే. 4700 అని రాసి 2000 చూపిస్తే మాత్రం అది పాత సరుకు, లేదా నకిలీ.