ఇసుకను పొంగించే గాలి

నిలువుగా ఉన్న గాజు గొట్టం అడుగున సన్నని రంధ్రాల పళ్ళెం అమర్చి, దానిపై ఇసుక పోశామనుకోండి. కింది నుంచి గాలిని మెల్లగా పంపితే అది రేణువుల సందుల్లోంచి వెళ్ళిపోతుంది; ఇసుక కదలదు. గాలి వేగం పెంచుతూ పోతే, ఒక దశలో ఇసుక కొద్దిగా పొంగి, మరిగే నీళ్ళలా బుడగలు వేస్తుంది. అప్పుడు దానిలో చెక్కముక్క తేలుతుంది, ఇనుపగుండు మునుగుతుంది! దీనినే ‘ఫ్లూయిడైజ్డ్ బెడ్’ అంటారు.

ఈ మార్పుకు కారణమేమిటి? గాలి రేణువులను ఒరుసుకుంటూ వాటిని పైకి నెడుతుంది. ఈ తోపుడు ఇసుక బరువుకు సమానం కాగానే రేణువులు ఒకదానిపై ఒకటి ఆనుకోవడం మానేస్తాయి. ఇందుకు చాలినంత గాలి వేగమే ‘కనీస వేగం’.

పావు మిల్లీమీటరు ఇసుకకు ఈ వేగం సెకనుకు సుమారు 5 సెంటీమీటర్లు. ఇలాంటి సన్నని రేణువుల వ్యాసం సగమైతే, కనీస వేగం నాలుగో వంతు అవుతుంది. మరి ఇసుక ఎత్తు రెట్టింపు చేస్తే? గాలి పీడనం రెట్టింపు కావాలి. వేగం మాత్రం మారదు! ఎందుకంటే కింది పొరను మోసిన గాలే పై పొరనూ మోస్తుంది.

జర్మనీలో ఫ్రిట్జ్ వింక్లర్ ఈ పద్ధతిలో బొగ్గునుంచి ఇంధన వాయువు తీసే విధానం కనిపెట్టాడు. 1926లో లాయినా పట్టణంలో అది పెద్ద ఎత్తున పనిచేయసాగింది.

అయితే గోధుమల వంటి పెద్ద గింజలకు ఈ పద్ధతి అంతగా నప్పదు. పెద్ద పెద్ద బుడగలు లేచి, గింజలు సరిగా కలియవు. 1954లో కెనడా జాతీయ పరిశోధన మండలిలో మాథుర్, గిష్లర్ అనే శాస్త్రజ్ఞులు గోధుమలను ఆరబెట్టడానికి మరో మార్గం కనిపెట్టారు. గరాటు వంటి అడుగు ఉన్న పాత్రలోకి ఒకే రంధ్రం గుండా వేడిగాలిని వదిలారు. గాలి మధ్యలో దారి చేసుకుని గింజలను ఫౌంటెన్‌లా ఎగజిమ్ముతుంది. అవి అంచులవైపు పడి, మెల్లగా కిందికి జారి, మళ్ళీ గాలిలో చిక్కుతాయి. ఇది ‘స్పౌటెడ్ బెడ్’. ప్రతి గింజా తీవ్రమైన వేడిలో ఉండేది కొద్దిసేపే కనుక మాడిపోదు.

ఇక్కడ కనీస వేగం గింజల ఎత్తును బట్టి మారుతుంది. ఎత్తు నాలుగు రెట్లయితే వేగం సుమారు రెండు రెట్లు కావాలి. ఒక హద్దు దాటి గింజలు పోస్తే ఫౌంటెన్ ఏర్పడనే ఏర్పడదు.

వేగం చాలకపోతే గింజలు కదలక మాడుతాయి. మరీ ఎక్కువైతే గాలితోపాటు కొట్టుకుపోతాయి, విద్యుత్తూ వృథా. అందుకే ఇటువంటి యంత్రం కట్టేముందు ఇంజనీరు ఈ కనీస వేగాన్ని తప్పక లెక్క కడతాడు.