గొర్రెలు కాపాడే పువ్వు

ఇంగ్లండు దక్షిణ, తూర్పు భాగాలలో సుద్దరాతి గుట్టలు, సున్నపురాతి మెట్టలు ఉన్నవి. వాటి ఏటవాలుల మీద మట్టిపొర బహు పలుచన. పడిన వాన వెంటనే ఇంకిపోతుంది. పోషక లవణాలూ తక్కువే. ఇట్టి నేలపై పెరిగే పొట్టి పచ్చికలో ఏప్రిల్ మాసంలో ఊదారంగు పూవొకటి విచ్చుకొంటుంది. ఈస్టర్ పండుగ వేళకు పూస్తుంది గనుక దీనికి పాస్క్ పుష్పమని పేరు. శాస్త్రీయనామం పల్సటిల్లా వల్గారిస్. నైజెల్లా ప్రజాతికి చెందిన మన నల్లజీలకర్ర వలెనే ఇదీ రనన్‌క్యులేసీ కుటుంబంలోనిదే.

పూవులో రేకల వలె కనిపించే ఆరూ నిజానికి ఆకర్షణపత్రాలు కావు, రంగు తేరిన రక్షకపత్రాలు. మొక్క ఒంటినిండా పట్టువంటి నూగు ఉంటుంది. పూవు వాడిన పిదప కీలాలు పొడవుగా సాగి ఈకలవుతవి. జిల్లేడు గింజలు ఎగరడం చూచినవారు ఇవికూడ ఎంతో దూరం పోతవని అనుకోవచ్చు. కాని వీటిలో ఎక్కువ భాగం తల్లిమొక్క దాపుననే రాలుతవి. మొలకెత్తడానికి గడ్డి కమ్మని ఖాళీ మట్టి కావాలి. అందువలన ఒకచోట నశించిన మొక్క మరల దానంతట అది తిరిగి రావడం అరుదు.

పూర్వం డేనులు చిందించిన రక్తం నుండి ఈ పూవు పుట్టిందని అక్కడి పల్లెలలో చెప్పుకొనేవారు. పాత మట్టికోటల గట్ల మీద ఇది కనబడటమే ఈ కథకు మూలం కావచ్చు. అసలు కారణం సులభమే: ఆ గట్ల మీదికి నాగలి పోలేదు. బార్నాక్ గ్రామం వద్ద ఇది బ్రతికి ఉన్నదీ అందుకే. మధ్యయుగాలలో పీటర్‌బరో, ఈలీ చర్చిల కొరకు రాయి తీసి విడిచిన గుంటలవి. దున్నడానికి వీలుకాని చోటు.

తక్కిన బయళ్లు చాలావరకు పొలాలైపోయినవి. నేడు ఇంగ్లండులో ఈ మొక్క సహజంగా పెరిగే తావులు 20కి లోపే. వాటిలో థెర్‌ఫీల్డ్ హీత్ పేరుపొందినది.

దున్నకుండా విడిచిన చోట్లనైనా పూవు క్షేమంగా ఉండవలసింది గదా! అట్లా జరగలేదు. ఇరవయ్యవ శతాబ్దంలో అనేక గుట్టల మీద గొర్రెల మేపు తగ్గిపోయింది. 1953లో మిక్సమటోసిస్ అనే వ్యాధి బ్రిటనుకు వచ్చి కుందేళ్లలో అత్యధిక భాగాన్ని హరించింది. మేసేవి లేకపోగా బ్రోమ్ వంటి పొడవు గడ్డి పెరిగి, ఎండినది ఎండినట్లే నేలమీద పేరుకొన్నది. నేలకంటుకొని ఉండే పాస్క్ ఆకులకు ఎండ కరవైంది; గింజకు మట్టి తగలలేదు. కంచెవేసి ఊరక వదలివేయడం ఈ మొక్కకు రక్షణ కాదు, మెల్లని మరణం.

కాబట్టి సంరక్షకులు గొర్రెలనే తిరిగి తెచ్చినారు. వేళ తప్పితే మాత్రం గొర్రె పూవునే కొరికివేస్తుంది. అందుచేత వసంతంలో మందను దూరంగా ఉంచి, గింజలు రాలిన తరువాత శరదృతువులో మేపుతారు. గిట్టలు తగిలి అక్కడక్కడ పచ్చిక చిరిగి మట్టి బయటపడుతుంది. మొలకకు కావలసినదీ ఆ చోటే.