పాకం ఆగదు, చేతులు కావాలి

పల్లీ పట్టీ పాకం పొయ్యి మీద నుంచి దించాక చేతిలో ఉండేది రెండు మూడు నిమిషాలే. ఆలోపే వేయించి పొట్టు తీసిన పల్లీలు కలపాలి, నెయ్యి రాసిన తాంబాళంలో కుమ్మరించాలి, గిన్నె అడుగుతో అదమాలి, చాకుతో గాట్లు పెట్టాలి. కొంచెం ఆలస్యమైతే గంజులోనే గడ్డ కడుతుంది. నువ్వుల ముద్దలు ఇంకా కష్టం. చేయి చురుక్కుమనే వేడి మీదే కట్టాలి, ఆరితే ముద్ద నిలవదు. అందుకే మా ఇంట్లో సంక్రాంతి తీపి ఏనాడూ ఒక్కరి పని కాలేదు. పొయ్యి దగ్గర అత్తమ్మ, కలపడానికి నేను, తడి చేతులతో ముద్దలు కట్టడానికి మా యారాలు, ఆడబిడ్డ.

అత్తమ్మది నల్గొండ పక్క పల్లె. చంపాపేటకు కాపురం మారినప్పుడు ఇత్తడి గంజు, పొడుగు గంటె వెంట తెచ్చుకుంది. పాకం చూడడం నాకు ఆమే నేర్పింది. ఏ కొలతా చెప్పలేదు. పక్కన నిలబెట్టి, చల్లనీళ్ల గిన్నె నా చేతికిచ్చి, చుక్క వేసి చూడమనేది. చుక్క నీళ్లలో కరిగిపోతే ఇంకా కాలేదు. వేళ్ల మధ్య మెత్తగా ఉండ కడితే అది అరిసెల పాకం. ఇంకా కాగాక గట్టిపడి, పళ్లెం మీద వేస్తే టంగుమని మోగాలి, విరిస్తే పుటుక్కున విరగాలి, కొరికితే పంటికి అంటుకోకూడదు. అది పట్టీ పాకం.

మా కోడలు ల్యాబ్‌లో పనిచేస్తుంది. పెళ్లయిన మొదటి పండక్కే వంట థర్మామీటర్ కొనుక్కొచ్చింది. పాకం అంటే నీళ్లు ఆవిరై చక్కెర చిక్కబడడమేననీ, చిక్కబడే కొద్దీ అది మరిగే వేడి పెరుగుతుందనీ ఆమె చెప్పాకే నాకు తెలిసింది. చక్కెర లెక్కలో 112 నుంచి 116 డిగ్రీల మధ్య ఉండ పాకం వస్తుంది. అప్పటికి నీళ్లు సుమారు 15 శాతం మిగిలి ఉంటాయి. 146 దాటితే మిగిలేది ఒక శాతం దరిదాపు. గాజులా విరిగేది అందుకే. నాకు ఆ లెక్క ఎంతో నచ్చింది. ఇన్నేళ్లుగా చేతికి తెలిసిన సంగతికి కారణం దొరికింది. అయినా నీళ్ల గిన్నె పక్కన ఉండాల్సిందే, ఎందుకంటే మనం కాచేది చక్కెర కాదు, బెల్లం.

బెల్లంలో చక్కెరతో పాటు కొంత గ్లూకోజ్, ఫ్రక్టోజ్, ఖనిజాలు, తేమ ఉంటాయి. ఏ దిమ్మెలో ఏది ఎంతుందో పైకి కనబడదు. నరికాక రోజుల తరబడి ఎండలో పడి ఉన్న చెరకుతో వండితే గ్లూకోజ్, ఫ్రక్టోజ్ పెరుగుతాయి. అవి గాలిలోని తేమను పీలుస్తాయి, ఆ పట్టీ మూడో రోజుకే జిగురు పడుతుంది. అనకాపల్లి బెల్లం అయినా, కామారెడ్డి వైపు బెల్లం అయినా చిన్న ముక్క కాచి చూడనిదే మేం కొనం. మెరిసే పసుపు రంగు చూసి మోసపోవద్దని చదివేవాళ్లకు గట్టిగా చెబుతాను. ఆ రంగు కోసం హైడ్రోస్ అనే గంధకపు రసాయనం కలుపుతారు. ముదురు గోధుమ రంగులో, గోటితో గీరితే తేలిగ్గా లేవని దిమ్మె మంచిది. మలక్‌పేట గంజ్‌లో నిదానంగా చూసి తెచ్చుకోవచ్చు.

సంక్రాంతికే ఈ తీపి ఎందుకంటే, చెరకు ఆడి కొత్త బెల్లం బజారుకు వచ్చే కాలం అదే. గాలి పొడిగా ఉంటుంది కాబట్టి పట్టీ కరకర పోదు. చలికి నువ్వులు ఒంటికి మంచివని పెద్దలు అంటారు. నువ్వుల్లో దాదాపు సగం నూనే. పొట్టు తీయని నువ్వుల్లో కాల్షియం కూడా బాగా ఉంటుంది. మరాఠీవాళ్లు తిల్‌గుళ్ పంచుకుంటారు, కన్నడిగులు ఎళ్లు బెల్ల ఇచ్చుకుంటారు. 1956 దాకా మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు, మనం ఒకే హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్నవాళ్లం. ఈ పండగ తీపిలో చుట్టరికం ఎక్కడికక్కడ కనబడుతుంది. తమిళనాడు కోవిల్‌పట్టి పల్లీ పట్టీకి 2020లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. హోళీకి పిల్లల మెడలో వేసే చక్కెర పేర్లు మాత్రం మేం బజారు నుంచే తెస్తాం. అచ్చుల్లో పాకం పోసే ఆ పని ఇంటి పొయ్యికి లొంగదు.

ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా స్వగృహ దుకాణాలున్నాయి. అరిసెలు, సకినాలు, పట్టీలు ఏడాది పొడుగునా దొరుకుతాయి. కొనుక్కునేవాళ్లను తప్పు పట్టను. వాళ్లలో చాలామందికి పొయ్యి దగ్గర నిలబడే తోడు లేదు. ఇంటి తీపి నిలబెట్టుకోవాలనుకునేవాళ్లు నన్ను మొదట కొలతలు అడుగుతారు. మనుషుల్ని పిలుచుకోండి అంటాను. యారాలు అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్లాక, అత్తమ్మ పోయాక, మా గంజు రెండు పండుగలు అటక దిగలేదు. ఇప్పుడు పై ఫ్లోర్ వదిన, ఎదురింటి రాజస్థానీ ఆమె, డిగ్రీ చదివే మా మనవడు వస్తున్నారు. ఆ రాజస్థానీ ఆమె నువ్వుల గజక్ ఎట్లా చేస్తారో చూపిస్తుంది. పాకాన్ని సాగదీసి మడతపెట్టే ఆ పద్ధతి మా అత్తమ్మకు చూపించాలని ఎంత అనిపించిందో. గాట్లు పెట్టే చాకు మా మనవడిది, ఎవరికీ ఇవ్వడు.

అడిగేవాళ్ల కోసం కొలత కూడా చెబుతాను: కిలో పల్లీలకు ముప్పావు కిలో బెల్లం, బెల్లం తడిసేంత నీళ్లు, కరిగాక ఒకసారి వడకట్టడం, దించే ముందు ఒక చెంచా నెయ్యి. సన్నని మంట వదలొద్దు. పూర్తిగా ఆరాకే డబ్బాలో పెట్టాలి, వేడి మీద మూత పెడితే చెమ్మ పడుతుంది. భోగికి మూడు రోజుల ముందే చేసేయండి. విజయవాడ హైవే పట్టే చుట్టాలంతా ఎల్బీనగర్‌లో బస్సెక్కేది అప్పుడే, వాళ్ల సంచుల్లోకి ముందు వెళ్లాలి.