చలిదేశంలో ఆలివ్ చెట్టు

పిల్లలూ! మన పెరట్లో పూసే మల్లెకూ, పారిజాతానికీ దూరపు చుట్టం ఒకటి మధ్యధరా సముద్రతీరంలో ఉన్నది. అదే ఆలివ్ చెట్టు. దాని కాయలను గానుగాడి నూనె తీస్తారు. ఆ చెట్టు వందల ఏళ్లు బ్రతుకుతుంది. తాత నాటితే మనుమలు కాయలు కోసుకుంటారు. అందుచేత తాత సరైన రకం ఎంచుకోకపోతే ఆ నష్టం మనుమల దాకా పోతుంది.

ఆలివ్‌కు చలి గిట్టదనుకోకండి. శీతాకాలంలో కొంత చలి తగలనిదే అది సరిగా పూయదు. కాని ఉష్ణమానం సున్నాకు దిగువన 10 సెంటీగ్రేడు డిగ్రీల దాకా పడిపోతే చాలా రకాలకు ప్రమాదమే.

1956లో దక్షిణ ఫ్రాన్సులోని ప్రొవాన్సులో ఏమి జరిగిందో చూడండి. ఆ జనవరి వెచ్చగా ఉన్నది. వసంతం వచ్చిందనుకుని చెట్లు నిద్రలేచాయి. కొమ్మలలో రసం పారసాగింది. ఫిబ్రవరిలో ఒక్కసారిగా ఘోరమైన చలి వచ్చిపడింది. రసం గడ్డకట్టి, బెరడు చీలి, లక్షలాది చెట్లు ఎండిపోయాయి. ఎందరో రైతులు ఆలివ్ మాని ద్రాక్ష వేసుకున్నారు. నిద్రపోయే చెట్టు ఓర్చుకునే చలిని మేలుకున్న చెట్టు ఓర్చుకోలేదు!

కనుక చలిదేశంలో ఆలివ్ నాటేవారు మూడు సంగతులు చూసుకోవాలి.

మొదటిది రకం. ఇటలీలోని టస్కనీలో లెచ్చీనో అనే రకం చలికి ఓర్చుతుందని పేరు. అక్కడిదే ఫ్రాంటోయో, మంచి నూనె ఇచ్చినా, చలికి త్వరగా లొంగిపోతుంది. అయితే లెచ్చీనో తన పుప్పొడితో తాను కాయదు. గాలి మోసుకువచ్చే మరొక రకపు పుప్పొడి దానికి కావాలి. అందుకని తోటలో రెండు రకాలైనా ఉండాలి.

రెండవది చోటు. చల్లగాలి బరువైనది, నీటివలె పల్లానికి దిగుతుంది. కాబట్టి పల్లపు నేలకన్న ఏటవాలు నేల మేలు. ఉత్తర ఇటలీలో, ఆల్ప్సు పర్వతాల పాదాన, గార్డా సరస్సు ఒడ్డున కూడా ఆలివ్ తోటలు ఉన్నాయి. వేసవిలో సరస్సు దాచుకున్న వేడి చలికాలంలో వాటిని కాపాడుతుంది.

మూడవది వేరు. 1985 జనవరిలో టస్కనీ తోటలను చలి మాడ్చివేసింది. రైతులు చెట్లను మొదలంటా నరికారు. చాలా మోళ్లు మళ్లీ పిలకలు వేశాయి. కొమ్మ నాటి పెంచిన చెట్టయితే పిలక కూడా అదే రకం. అంటుకట్టిన చెట్టయితే, అంటుకు దిగువన వచ్చే పిలక వేరే రకం. దానికి మళ్లీ అంటు కట్టవలసిందే.

మీ ఊళ్లో అంటుమామిడి ఉంటే దగ్గరకు వెళ్లి చూడండి. అంటు కట్టిన చోటు ఎక్కడ ఉన్నది? దాని కిందినుంచి పిలక వస్తే, అది ఏ మామిడి అవుతుంది? మీ నాన్నగారిని అడిగేముందు మీరే ఆలోచించండి.