తుప్పెరగని బుల్లి కారు ‘డాల్ఫిన్’

సంగం: నెల్లూరు మీదుగా చెన్నై వెళ్లే సంగం వాసులకు షోలవరం తెలియని ఊరు కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో విమానాల కోసం వేసిన అక్కడి బాటపై తరువాత ఏళ్ల తరబడి కార్ల పందేలు జరిగాయి. 1980లలో పందేలరాయుళ్లు ముచ్చటపడిన బుల్లి కారు ఒకటుంది. దాని పేరు ‘డాల్ఫిన్’. తయారు చేసింది బెంగళూరులోని సిపానీ అనే చిన్న సంస్థ.

ఈ సంస్థ మొదట తెచ్చింది మూడు చక్రాల ‘బాదల్’. ముందు ఒక చక్రం, వెనుక రెండు, 198 సి.సి. టూ స్ట్రోక్ ఇంజను. అది జనానికి అంతగా ఎక్కలేదు. 1982లో నాలుగు చక్రాల డాల్ఫిన్ వచ్చింది. ఇంగ్లండులోని రిలయంట్ సంస్థవారి ‘కిటెన్’ దీనికి మూలం. ఇంజను 848 సి.సి., అదీ అల్యూమినియంతో చేసింది.

రెండు కార్లకూ పైభాగం ఫైబర్‌గ్లాసే. మన తీరంలో మత్స్యకారులు వాడే ఫైబర్ పడవల తరహాలోనే, గాజు పీచును అచ్చులో పరచి, రెసిన్ పట్టించి ఆరనిస్తారు. రేకును వంచే భారీ ప్రెస్సులు అక్కరలేదు. చిన్న సంస్థ కారు తయారీకి దిగగలిగిందంటే అందుకే. బరువు కూడా అంబాసిడర్‌లో దాదాపు సగమే. ఇంజను చిన్నదైనా కారు చురుగ్గా కదిలేది. పందేలవారిని ఆకట్టుకున్నది ఈ గుణమే.

అయితే అచ్చుపని చేతులతో సాగాలి. రోజుకు వందల కార్లు చేయడం దానితో కుదరదు. 1983 డిసెంబరులో 796 సి.సి. మారుతి రోడ్డెక్కింది. దానికి నాలుగు తలుపులు, డాల్ఫిన్‌కు రెండే. సిపానీ సంస్థ నాలుగు తలుపుల ‘మోంటానా’తో బదులిచ్చినా పోటీకి నిలవలేక, 1990లలో కార్ల తయారీకి స్వస్తి చెప్పింది.

ఇప్పుడు ఈ కార్లు కనిపించడమే అరుదు. ఉప్పుగాలికి పైభాగం తుప్పు పట్టదు గానీ, అడుగున ఉండే ఉక్కు చట్రానికి ఆ రక్షణ లేదు. పైగా ఫైబర్‌ను పాత ఇనుము వ్యాపారి తూకానికి తీసుకోడు. అందుకే కొట్టాల్లో మూలపడ్డ బండ్లను చెత్తకింద పారవేసే ప్రమాదం ఎక్కువ. జిల్లాలో ఎవరి ఇంటనైనా అలాంటిది ఉంటే, చట్రాన్ని తడి తగలకుండా ఎత్తులో నిలిపి, రిజిస్ట్రేషను పుస్తకాన్ని భద్రపరచడం మంచిది. విడిభాగాలు దొరకడమే కష్టమైన బండికి ఉన్న భాగాలే ఆస్తి.