‘ఎవరూ బాధ్యులు కారు’ అను తీర్పు మారిన విధము

యాభై ఏండ్ల క్రిందట జరిగిన మరణములను గురించి ఇప్పుడు న్యాయస్థానములకు పోవుట ఎందుకని మన యువకులు ఆలయములో మమ్ములను అడుగుచుందురు. ఆ ప్రశ్నకు జవాబు తెలియవలెనన్న ముందుగా ఒక మాట అర్థము తెలిసికొనవలెను. ఆ మాట ఇంక్వెస్టు. తెలుగులో దానిని మరణ విచారణ అనవచ్చును.

ఒక మనిషి సహజముగా గాక మరణించినపుడు మన దక్షిణ ఆఫ్రికాలో న్యాయాధికారి నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పవలెను. మరణించినది ఎవరు? ఏ కారణము చేత? ఎప్పుడు? ఆ మరణము ఎవరి నేరము వలననైనా కలిగినదా? మరణ విచారణలో ఎవరికీ శిక్ష పడదు. కాని అక్కడ వ్రాసిన మాటయే ప్రభుత్వ పత్రములలో సత్యముగా నిలుచును. అందుచేతనే కుటుంబములు ఆ మాట కొరకు ఇంతకాలము పోరాడినవి.

వర్ణవివక్ష ప్రభుత్వము 1963లో ఒక చట్టము చేసినది. ఆ చట్టము క్రింద పోలీసులు ఏ నేరమూ మోపకుండ, న్యాయవాదిని కలియనీయకుండ, ఒక మనిషిని 90 దినములు నిర్బంధింపవచ్చును. 1967 నాటి ఉగ్రవాద చట్టము ఆ గడువును కూడ తీసివేసినది. మూసిన గదిలో ఏమి జరిగినదో చెప్పుటకు పోలీసులు తప్ప వేరొక సాక్షి లేకుండెను. ఖైదీ ఉరి వేసికొన్నాడనియో, జారి పడినాడనియో, కిటికీ నుండి దూకినాడనియో వారు చెప్పినారు. న్యాయాధికారులు ఆ మాటనే నమ్మి, ఎవరూ బాధ్యులు కారని తీర్పు వ్రాసినారు.

అహ్మద్ తిమోల్ రూడెపోర్ట్‌లో ఉపాధ్యాయుడు. 1971 అక్టోబరు 22న పోలీసులు ఆయనను పట్టుకొన్నారు. 27న జొహనెస్‌బర్గ్‌లోని జాన్ వోర్‌స్టర్ స్క్వేర్ పోలీసు భవనము నుండి క్రింద పడి ఆయన మరణించినారు. అప్పటికి ఆయన వయస్సు 29. తానే పదవ అంతస్తు కిటికీ నుండి దూకినాడని పోలీసులు చెప్పినారు. 1972లో న్యాయాధికారి అది ఆత్మహత్య అని వ్రాసినాడు.

హుసేన్ హఫేజీ భారతదేశములో చదువుకొని వచ్చిన దంతవైద్యుడు. వయస్సు 26. 1977 ఆగస్టు 3న డర్బన్‌లోని బ్రైటన్ బీచ్ పోలీసు స్టేషనులో, పట్టుకొన్న ఒక్క దినములోనే ఆయన మరణించినారు. శరీరము మీద అనేక గాయములున్నను, తన దుస్తులతో ఉరి వేసికొన్నాడనియే తీర్పు వచ్చినది.

ఈ తీర్పులు ఎట్లు మారినవి? తిమోల్ తల్లి హవా తిమోల్ 1996లో సత్య, సయోధ్య కమిషన్ ఎదుట తన కుమారుని గురించి చెప్పినారు. ఆమె తరువాత మేనల్లుడు ఇంతియాజ్ కాజీ ఏండ్ల తరబడి పత్రములు సేకరించి, సాక్షులను వెదకి, పుస్తకము వ్రాసినారు. మరణ విచారణ చట్టములో 17ఎ అను సెక్షను ఉన్నది. న్యాయము కొరకు అవసరమైనచో పాత విచారణను ఒక న్యాయమూర్తి చేత మరల తెరిపించుటకు అది వీలు కల్పించును. ఆ దారిన 2017లో విచారణ మరల మొదలైనది.

తిమోల్‌తో పాటు పట్టుబడిన సలీం ఈసాప్ తాము పడిన చిత్రహింసలను సాక్ష్యముగా చెప్పినారు. 1971లో కుటుంబము తరఫున డాక్టర్ జోనథన్ గ్లక్‌మన్ శవపరీక్షలో పాల్గొని యుండుట వలన ఆ వివరములు మిగిలినవి. పడుటకు ముందే ఎన్నో గాయములు కలిగినవని వైద్యులు తేల్చినారు. 2017 అక్టోబరు 12న న్యాయమూర్తి బిల్లీ మోత్లే, తిమోల్ దూకలేదు, ఆయనను హత్య చేసినారు అని తీర్పు చెప్పినారు. హఫేజీ కుటుంబము పోరాటము వలన 2023లో ఆయన ‘ఆత్మహత్య’ తీర్పు కూడ రద్దయినది. ఆయన మరణమునకు పోలీసుల చిత్రహింసలే కారణమని న్యాయస్థానము చెప్పినది.

అయితే ఇది పూర్తి న్యాయమా? కాదు. తిమోల్‌ను ప్రశ్నించిన ముఖ్య అధికారులు అప్పటికే మరణించినారు. ఆ గదిలో తాను ఉన్నానని చెప్పిన జోవావ్ రోడ్రిగెస్ మీద 2018లో హత్యానేరము మోపినారు గాని, విచారణ జరుగక ముందే 2021లో ఆయనయు మరణించినాడు. హవా తిమోల్ కుమారుని గురించిన నిజమైన తీర్పు వినకనే పోయినారు. సత్య కమిషన్ అప్పగించిన కేసులు ఇంతకాలము ఎందుకు ఆగిపోయినవో తెలిసికొనుటకు 2025లో అధ్యక్షుడు రామఫోసా ఒక విచారణ కమిషన్‌ను నియమించినారు.

తిమోల్, హఫేజీ మన భాష వారు కారు, మన మతము వారు కారు. అయినను మనకు సంబంధము లేదని మేము అనలేము. 1860 నుండి మద్రాసు రేవులో ఓడ ఎక్కి నాటాల్ చెరకు తోటలకు వచ్చిన మన తాతముత్తాతలు చీటీ లేకుండ తోట దాటినచో వారిని పట్టుకొని జైలులో పెట్టెడివారు. తోటలో కూలివాడు మరణించినపుడు యజమాని చెప్పిన మాటయే తరచుగా కాగితము మీదికి ఎక్కెడిది. కాగితము మీది మాటను ప్రశ్నించు శక్తి వారికి లేకుండెను. మనకు ఉన్నది.

నేటికిని పోలీసు నిర్బంధములో మరణములు జరుగుచున్నవి. అట్టి మరణమును స్టేషను అధికారి వెంటనే ఐపిడ్ అను స్వతంత్ర దర్యాప్తు సంస్థకు తెలుపవలెనని చట్టము. కుటుంబమువారు కూడ స్వయముగా ఆ సంస్థకు ఫిర్యాదు చేయవచ్చును. శవపరీక్షకు తమ తరఫున వైద్యుని పంపుటకును, మరణ విచారణలో న్యాయవాదిని పెట్టుకొనుటకును కోరవచ్చును. ఆసుపత్రి కాగితములు, చిత్రములు, చూచినవారి పేర్లు, తేదీలు ఆ వారములోనే వ్రాసి దాచుకొనవలెను.

దుఃఖములో నున్న ఇంటివారికి ఈ పనులు చేయు ఓపిక ఉండదు. కర్మ దినములలో వంట పాత్రలు, కుర్చీలు పంపు మనము, కాగితములు సర్దుటకు ఒక మనిషిని కూడ పంపవలెను. తిమోల్ తీర్పు మారుటకు 45 సంవత్సరములు పట్టినది. మరియొక తల్లి అంత కాలము ఎదురు చూడకుండ చేయుట మన చేతిలో కొంత ఉన్నది.